చీటీ అక్కర్లేని మాత్ర, చేతికందని మాత్ర

2023 జులై 13న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఓపిల్ అనే గర్భనిరోధక మాత్రను డాక్టరు చీటీ లేకుండా అమ్ముకోవచ్చని అనుమతించింది. మరుసటి ఏడాది మార్చికి అది షాపుల్లోకి వచ్చింది. మాత్ర పుట్టిన దేశంలో ఒక్క రకం మాత్రయినా చీటీ చెర నుంచి బయటపడడానికి 63 ఏళ్లు పట్టిందన్నమాట. మన దగ్గర ఆ పని అంతకు చాలా ముందే, పెద్దగా ఎవరి దృష్టికీ రాకుండా జరిగిపోయింది. 1945 నాటి ఔషధ నియమావళికి అనుబంధంగా ఉన్న షెడ్యూల్ కె, కొన్ని నిర్ణీత మోతాదుల గర్భనిరోధక మాత్రలను అమ్మకపు లైసెన్సు నిబంధన నుంచే తప్పించింది. మాల-డి లాంటి మాత్రను మందుల షాపువాడే అమ్మాలన్న నియమం లేదు, కిరాణా కొట్టులోనైనా పెట్టుకోవచ్చు. 2011 నుంచి ఆశా కార్యకర్తలు నెలకు సరిపడా మాత్రలను ఒక్క రూపాయికి ఇంటికి తెచ్చి ఇచ్చే పథకమూ ఉంది. ఇంత సులువైన ఏర్పాటు ఉన్న దేశంలో మాత్ర ఇంటింటా కనిపించాలి. కానీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో మాత్ర వాడుతున్నవాళ్లు 5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క శాతం కూడా లేరు. అదే ఆంధ్రప్రదేశ్‌లో ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లు దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతం పైమాటే.

ఈ రెండు దేశాల చరిత్రను పక్కపక్కన పెట్టి చదివితే నాకు తేలేది ఒకటే. గర్భనిరోధక మాత్రకు డాక్టరు చీటీ అవసరం లేదు. ఆ చీటీ ఆడవాళ్లకు రక్షణగా నిలిచిన సందర్భాల కంటే అడ్డుగోడగా నిలిచిన సందర్భాలే ఎక్కువ. అయితే చీటీ తీసేసినంత మాత్రాన మాత్ర చేతికి రాదు. చీటీ చేస్తుందని మనం నమ్మిన పనిని, అంటే ఎవరు వాడకూడదో చెప్పడాన్ని, వాడేటప్పుడు వచ్చే ఇబ్బందులకు జవాబివ్వడాన్ని, మరొకరు చేయాలి. అమెరికా మొదటి సగాన్ని ఒప్పుకోవడానికి ఆరు దశాబ్దాలు తీసుకుంది. మనం మొదటి సగాన్ని కాగితం మీద ముగించి, రెండో సగాన్ని గాలికొదిలేశాం.

అసలు ఆ చీటీ ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. మాత్ర ప్రమాదకరమని ఎవరో పరీక్షించి తేల్చి పెట్టిన నిబంధన కాదది. అమెరికాలో ఏ మందు చీటీతో అమ్మాలి, ఏది ఊరికే అమ్మాలి అన్న విభజన 1951 నాటి చట్ట సవరణతో గట్టిపడింది. కొత్తగా వచ్చే మందు చీటీ మీదే రావడం అప్పటికి ఆనవాయితీ అయింది. పైగా 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం గర్భనిరోధక సాధనాలను అశ్లీల వస్తువుల జాబితాలో చేర్చి, వాటిని తపాలాలో పంపడాన్నే నేరం చేసింది. ఆ నీడలో డాక్టరు గది ఒక్కటే కాస్త గౌరవంగా మాట్లాడుకోగల చోటు. అందుకే మార్గరెట్ శాంగర్ లాంటి ఉద్యమకారులు కూడా డాక్టర్లను కలుపుకొనే ముందుకు నడిచారు. కేథరిన్ మెకార్మిక్ డబ్బుతో, గ్రెగరీ పింకస్, జాన్ రాక్‌ల పరిశోధనతో తయారైన తొలి మాత్ర ఎనోవిడ్ 1957లో నెలసరి ఇబ్బందులకు మందుగా అనుమతి పొందింది, 1960లో గర్భనిరోధకంగా. పెళ్లయిన జంటలు గర్భనిరోధకాలు వాడుకోవడం వాళ్ల హక్కని అమెరికా సుప్రీంకోర్టు 1965లో గానీ చెప్పలేదు. పెళ్లికానివాళ్లకూ ఆ హక్కు ఉందని చెప్పడానికి మరో ఏడేళ్లు పట్టింది. అంటే మాత్ర వచ్చిన తొలి పుష్కరంలో ఎవరికి ఇవ్వాలన్నది వైద్యంతో పాటు నైతిక తీర్పు కూడా. పెళ్లయిందా లేదా అని అడిగే అధికారం డాక్టరుకు ఉండేది.

చీటీని సమర్థించేవాళ్లు ఎప్పుడూ ముందుకు తెచ్చే వాదన భద్రత. మాత్రలోని ఈస్ట్రోజెన్ వల్ల కొందరిలో రక్తం గడ్డకడుతుంది, అందుకే డాక్టరు చూసి ఇవ్వాలి అంటారు. ఆ ప్రమాదం నిజం. దాన్ని తేలికగా కొట్టిపారేసేవాళ్లతో నాకు ఏకీభావం లేదు. కానీ ఆ ప్రమాదం బయటపడిన తీరే ఈ వాదనను బలహీనపరుస్తుంది. 1956లో ప్యూర్టోరికోలో పేద మహిళల మీద మాత్రను పరీక్షించినప్పుడు, ఆ ప్రయోగాన్ని దగ్గరుండి చూసిన డాక్టర్ ఈడ్రిస్ రైస్-రే, వాడినవాళ్లలో 17 శాతం మందికి తల తిరగడం, వాంతులు, తలనొప్పి లాంటి బాధలు వచ్చాయని, ఇది జనంలోకి పంపదగ్గది కాదని రాసింది. ఆ మాటను పక్కన పెట్టారు. తర్వాత పదేళ్లపాటు అమెరికాలో ప్రతి మాత్రా డాక్టరు చీటీ మీదే అమ్ముడైంది. ఆ పదేళ్లలోనే ఆడవాళ్లకు కాళ్లలో, ఊపిరితిత్తుల్లో గడ్డలు కట్టాయి, కొందరు చనిపోయారు. చాలామంది డాక్టర్లు ఆ ప్రమాదం గురించి వాళ్లకు ఒక్క మాటా చెప్పలేదు. 1969లో పత్రికా రచయిత్రి బార్బరా సీమన్ ఈ సంగతులన్నీ పుస్తకంగా వేసింది. 1970లో సెనేటర్ గేలార్డ్ నెల్సన్ విచారణ జరిపితే, మాత్ర మింగిన ఆడవాళ్లలో ఒక్కరినీ సాక్ష్యానికి పిలవలేదని యువతులు లేచి నిలదీశారు. ఆ గొడవ ఫలితంగానే ప్రమాదాలను వివరించే కాగితం మాత్రల డబ్బాలోకి వచ్చింది. ఆ కాగితాన్ని వైద్య సంఘాలు ఇష్టపడలేదు, డాక్టరుకూ రోగికీ మధ్య మూడో మనిషిని పెట్టినట్టుంటుందని అభ్యంతరం చెప్పాయి. చీటీ ఉన్న కాలంలోనే హాని జరిగింది. దాన్ని తగ్గించినవి రెండు: ఆడవాళ్ల చేతికి వచ్చిన సమాచారం, తగ్గించిన మోతాదు. మొదటి ఎనోవిడ్‌లో ఈస్ట్రోజెన్ రకం రసాయనం 150 మైక్రోగ్రాములు. ఈనాటి మన మాత్ర మాల-ఎన్‌లో ఉన్నది 30.

ఇప్పటి ప్రమాదం ఎంత? ఏ హార్మోనూ వాడని, గర్భం లేని పదివేల మంది ఆడవాళ్లలో ఏడాదికి ఒకరి నుంచి ఐదుగురి దాకా రక్తం గడ్డకట్టే అవకాశం ఉంటే, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర వాడేవాళ్లలో అది ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా ఉంటుంది. గర్భిణుల్లో ఐదు నుంచి ఇరవై. కాన్పయిన తొలి వారాల్లో నలభై నుంచి అరవై అయిదు. మాత్ర ప్రమాదాన్ని లెక్కేసేటప్పుడు, మాత్ర దొరక్క వచ్చే గర్భం ప్రమాదాన్ని కూడా అదే తక్కెడలో వేయాలి కదా. ఎవరు వాడకూడదో తెలుసుకోవడానికి కావలసిన ప్రశ్నలూ పెద్ద గుట్టేమీ కాదు. వయసు ముప్పై అయిదు దాటి పొగ తాగే అలవాటుందా? రక్తపోటు ఎక్కువా? కళ్ల ముందు మెరుపులు మెరిసి ఆ తర్వాత వచ్చే పార్శ్వపు నొప్పి ఉందా? కాళ్లలో గడ్డ కట్టిందా ఎప్పుడైనా? గుండెజబ్బు, కాలేయం జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నాయా? బిడ్డకు పాలిస్తున్నారా? మన దేశంలో ఇంకో ప్రశ్న తప్పకుండా చేర్చాలి: క్షయకు మందులు వాడుతున్నారా? ఆ మందుల్లోని రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్ర పనిని దెబ్బతీస్తుంది. ఈ ప్రశ్నల్లో రక్తపోటు ఒక్కదానికే యంత్రం కావాలి. మిగిలినవాటికి జవాబు ఆ మనిషికే తెలుసు. పొత్తికడుపు పరీక్ష, రక్త పరీక్ష ఏవీ మాత్ర మొదలుపెట్టడానికి అక్కర్లేదు. చీటీ లేకుండా మాత్ర దొరికేలా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన స్వీయ సంరక్షణ మార్గదర్శకాల్లో చేర్చింది ఈ లెక్కలన్నీ చూసుకునే.

ఈ ప్రశ్నల జాబితా చదువుకున్న దేశాల్లో సరే, పల్లెల్లో పనికొస్తుందా అని అడిగేవాళ్లకు థాయిలాండ్ 1970లోనే జవాబు చెప్పింది. అక్కడ పల్లెల్లో డాక్టర్లు లేరు, ఉన్నది మంత్రసాని శిక్షణ పొందిన సహాయకులు. ప్రభుత్వం వాళ్ల చేతికి ఇలాంటి ప్రశ్నల జాబితా ఒకటి ఇచ్చి, దాన్ని బట్టి మాత్రలు ఇచ్చే అధికారమిచ్చింది. వాడేవాళ్లు బాగా పెరిగారు, వాడకం మానేసినవాళ్లు డాక్టర్ల దగ్గర మొదలుపెట్టినవాళ్ల కంటే ఎక్కువేమీ కాలేదు. బంగ్లాదేశ్‌లో మత్లబ్ ప్రాంతంలో 1977 నుంచి ఆ ఊరి ఆడవాళ్లే గడపగడపకూ వెళ్లి గర్భనిరోధకాలు ఇవ్వడం, ఇబ్బందులు వింటూ మళ్లీ మళ్లీ రావడం మొదలైంది. ఈనాడు ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా వాడేది మాత్రే. పెళ్లయిన ఆడవాళ్లలో సుమారు నాలుగో వంతు. మన దేశంలోనూ ఆ సరిహద్దుకు దగ్గరగా ఉన్న పశ్చిమ బెంగాల్, అస్సాం, త్రిపురల్లో మాత్ర వాడకం మిగతా రాష్ట్రాల కంటే చాలా ఎక్కువ. రోజూ మాత్ర మింగడం మన ఆడవాళ్లకు సాధ్యం కాదు, మరిచిపోతారు అని తరచూ వినపడే మాట ఈ లెక్కల ముందు నిలవదు. మరిచిపోవడం నిజమే. మామూలుగా వాడే తీరులో ఏడాదికి వందలో ఏడుగురికి గర్భం వస్తుంది, ఒక్కటీ మానకుండా వాడితే ఒకరి కంటే తక్కువ. కానీ మరిచిపోతే ఏం చేయాలో చెప్పే మనిషి ఉన్నచోట ఆ మాత్ర నిలిచింది.

మరి ఆ మనిషి మన దగ్గర ఎందుకు లేకపోయారు? దీనికి జవాబు మన కుటుంబ నియంత్రణ చరిత్రలో ఉంది, అది కొంత బాధ కలిగించే చరిత్ర. ప్రభుత్వమే కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా చేపట్టిన మొదటి దేశం మనది, 1952లో. మొదటి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ గాంధేయవాది. సాధనాలేవీ లేకుండా రోజులు లెక్కపెట్టుకునే పద్ధతినే ఆమె ఇష్టపడింది. మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో, ఢిల్లీలో ఆ ప్రయోగం జరిగింది. ఏ రోజు క్షేమమో తెలియడానికి రంగు పూసల దండలు ఇచ్చి, రోజుకో పూస జరుపుకోమన్నారు. ఆ ప్రయోగం నిలబడలేదు. దాన్ని ఎగతాళి చేయడం సులువు గానీ, తన శరీరం లెక్క తనే చూసుకోగలదని ఆడమనిషిని నమ్మిన పథకం మన కార్యక్రమంలో బహుశా అదొక్కటే. తర్వాత పెద్ద ఎత్తున నడిచినవన్నీ మరొకరు వచ్చి చేసి వెళ్లే పద్ధతులే. 1965లో గర్భాశయంలో పెట్టే లూప్ వచ్చింది, లక్షల్లో వేశారు. రక్తస్రావమైతే చూసే దిక్కు లేక చాలామంది తీయించుకున్నారు, లూప్‌కు చెడ్డపేరొచ్చింది. ఆ తర్వాత ఆపరేషన్లు. 1976–77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో ఎక్కువ మగవాళ్లకు, బలవంతాన. ఎన్నికల్లో జనం దానికి సమాధానం చెప్పారు. మగవాళ్ల జోలికి వెళ్లే ధైర్యం ఆ తర్వాత ఏ ప్రభుత్వానికీ రాలేదు. శాఖ పేరు కుటుంబ సంక్షేమంగా మారింది, భారం ఆడవాళ్ల మీదికి మళ్లింది.

కార్యక్రమమంతా లక్ష్యాల మీద నడిచేది. ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సుకు, అంటే ఏఎన్ఎంకు, ఇన్ని కేసులు తేవాలని లెక్క ఉండేది. ఆపరేషన్ ఒకసారి చేస్తే రిజిస్టర్లో ఒక కేసు, ఇక జీవితాంతం ఆమె వైపు చూడక్కర్లేదు. మాత్ర ఇస్తే నెలనెలా వెళ్లాలి, వాడుతోందో లేదో తెలియదు, మానేస్తే లెక్క తప్పుతుంది. అధికారి కోణం నుంచి చూస్తే మాత్ర అంత పనికిరాని సాధనం మరొకటి లేదు, ఎందుకంటే దాన్ని మొదలుపెట్టేదీ ఆపేదీ ఆడమనిషే. 1996లో లక్ష్యాలు ఎత్తేశామని ప్రకటించారు గానీ అలవాటు పోలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే రోజు 83 మందికి ఆపరేషన్లు చేస్తే, డజనుకు పైగా తల్లులు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్లలో శిబిరాలు ఆపాలని చెప్పింది. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు జరిగితే నలుగురు తల్లులు ఇంటికి రాలేదు. చీటీ లేకుండా మాత్ర ఇస్తే ప్రమాదం అని వెనకాడేవాళ్లు, ఈ దేశంలో ఆడవాళ్లకు సర్వసాధారణంగా అందుతున్న గర్భనిరోధకం కత్తి అన్న సంగతి మరిచిపోతున్నారు.

మాత్ర లేకపోవడం తెలుగు ఆడవాళ్ల జీవితంలో ఏ రూపం తీసుకుందో చూడండి. అదే 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. పెళ్లయిన ఏడాదికో రెండేళ్లకో ఒక కాన్పు, వెంటనే ఇంకోటి, ఆపైన ఆపరేషన్. ఇరవైల్లోనే అంతా అయిపోతుంది. దేశంలో సగం మందికి 26 ఏళ్లు నిండకముందే ఆపరేషన్ జరుగుతుంటే, మన దగ్గర వయసు ఇంకా తక్కువ. మొదటి కాన్పు వాయిదా వేసుకోవడానికి గానీ, రెండు కాన్పుల మధ్య ఎడం ఉంచుకోవడానికి గానీ వాడే పద్ధతి దాదాపు లేదు. పిల్లల సంఖ్య తగ్గింది కాబట్టి కార్యక్రమం గెలిచిందంటారు. కానీ పదిహేడేళ్లకు తల్లయి, ఇరవై మూడుకు ఆపరేషన్ బల్ల మీద పడుకున్న అమ్మాయికి ఆ ఆరేళ్లలో తన ఇష్టానికి ఏం మిగిలింది? ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. జననాలు మరీ తగ్గాయన్న ఆందోళనతో, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. తక్కువ కనమన్నా, ఎక్కువ కనమన్నా మాట్లాడేది ప్రభుత్వమే. ఎప్పుడు కనాలో తను నిర్ణయించుకునే వీలున్న పద్ధతి ఆమెకు అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి.

హార్మోన్లను నమ్మవద్దన్న అభ్యంతరం మన మహిళా ఉద్యమం నుంచే వచ్చింది. దాన్ని గౌరవంతో వినాలి. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్ ప్రయోగం జరుగుతోందని తెలిసి, హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్లారు. తమ మీద జరుగుతున్నది ప్రయోగమని అక్కడి ఆడవాళ్లకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆ సంఘం ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ పోరాటం న్యాయమైనది. కానీ వాళ్ల కోపం దేని మీద? ఒకసారి సూది గుచ్చితే రెండు మూడు నెలలు వెనక్కి తీసుకోలేని మందు మీద, చెప్పకుండా గుచ్చిన వ్యవస్థ మీద. మాత్ర పడకపోతే రేపు మానేయొచ్చు. పటాన్‌చెరు నుంచి నేర్చుకోవలసింది చెప్పి ఇవ్వమని. హార్మోన్లే వద్దనుకునేవాళ్లకు మన దేశం మరో దారి కూడా చూపింది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారు చేసిన సెంట్‌క్రోమాన్, స్టెరాయిడ్ కాని మాత్ర, 1991లో సహేలి పేరుతో వచ్చింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. 2016 నుంచి ఛాయ పేరుతో ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. మన శాస్త్రవేత్తలు సాధించిన ఇంత గొప్ప మందు పేరు మన ఊళ్లలో ఎంతమంది విన్నారు?

ఇంకో భయం అత్యవసర మాత్ర గురించి. ఐ-పిల్ లాంటివి టీవీ ప్రకటనలతో ఇల్లిల్లూ చేరాయి, అమ్మాయిలు వాటినే పదేపదే మింగుతున్నారు, కాబట్టి అన్నిటికీ చీటీ పెట్టాలంటారు. పదేపదే మింగడం మంచిది కాదన్నది నిజం. ప్రాణాపాయం ఉండకపోయినా నెలసరి అస్తవ్యస్తమవుతుంది, రోజువారీ మాత్ర ఇచ్చే భరోసా దానికి లేదు. కానీ ఆ పరిస్థితి ఎందుకొచ్చింది? అత్యవసర మాత్రకు ప్రకటన చేసేవాళ్లున్నారు, రోజువారీ మాత్రకు లేరు. రోజువారీ మాత్ర గురించి చెప్పేవాళ్లు లేని చోట అత్యవసర మాత్రే ఏకైక మాత్రవుతుంది. తమిళనాడులో ఏళ్ల తరబడి మందుల షాపులు ఆ మాత్రను అమ్మకుండా ఉండిపోయాయి. దానివల్ల అక్కడి అమ్మాయిల అవసరం తీరిపోలేదు, వాళ్లు వేరే ఊళ్ల నుంచి తెప్పించుకోవలసి వచ్చింది.

చీటీ కోసమైనా డాక్టరు దగ్గరికి వెళ్తే వేరే జబ్బులు బయటపడతాయి కదా అన్న వాదనా ఉంది. క్యాన్సర్ పరీక్ష చేయించుకోవడం మంచిదే. కానీ ఆ పరీక్ష చేయించుకుంటేనే మాత్ర ఇస్తామనడం, ఆమె అవసరాన్ని తాకట్టు పెట్టుకోవడం. టెక్సాస్‌లోని ఎల్ పాసోలో ఉంటూ సరిహద్దు దాటి మెక్సికోలో చీటీ లేకుండా మాత్రలు కొనుక్కున్న ఆడవాళ్లనూ, క్లినిక్‌లో తీసుకున్నవాళ్లనూ పోల్చి చూస్తే, మధ్యలో మానేసినవాళ్లు క్లినిక్ వైపే ఎక్కువ తేలారు. కూలిపని మానుకుని, ఎవరినో తోడు తీసుకుని, బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్లడమంటే ఏమిటో మన పల్లెల్లో వేరే చెప్పక్కర్లేదు. పెళ్లికాని అమ్మాయికైతే ఆ ప్రయాణం దాదాపు అసాధ్యం.

ఒక మాల-ఎన్ అట్ట చేతిలోకి తీసుకుని చూడండి. 28 మాత్రలు. 21 తెల్లవి, వాటిలో హార్మోన్లు. చివరి 7 ముదురు రంగువి, ఇనుము మాత్రలు. నెలసరి వచ్చిన ఐదో రోజు మొదటి తెల్ల మాత్రతో మొదలుపెట్టాలి. బాణాల వెంట రోజుకొకటి వేసుకుంటూ పోతే, అట్ట అయిపోయిన మర్నాడు కొత్త అట్ట తెరవాలి. రక్తహీనత ఇంతగా ఉన్న దేశంలో ఆ ఏడు రోజులూ వృథా పోకుండా ఇనుము పెట్టిన ఆలోచన ఎంత మంచిదో. కానీ మొదటి రెండు మూడు నెలలు వికారం ఉండొచ్చనీ, మధ్యలో కాస్త రక్తం కనిపించవచ్చనీ, అవి సర్దుకుంటాయనీ ఆ అట్ట చెప్పలేదు. కాలు ఒక్కటే వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలని చెప్పలేదు. ఒక మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, ఆ రోజుది మామూలు వేళకు వేసుకోవాలి అన్నది ఎవరో ఒకరు ఆమె భాషలో చెప్పాలి. ఆ పనికి డాక్టరు అక్కర్లేదు. ఊళ్లో ఆశా కార్యకర్త ఉంది, దగ్గర్లో ఏఎన్ఎం ఉంది, రక్తపోటు చూసే యంత్రం ఇప్పుడు ఉపకేంద్రాల్లోనూ ఉంది. వాళ్ల సంచిలో మాత్రల అట్టతోపాటు థాయిలాండ్ మంత్రసానులకు ఇచ్చినట్టు ప్రశ్నల కాగితం తెలుగులో పెట్టాలి. మొదటి మూడు నెలలు ఆశా కార్యకర్త మళ్లీ ఆ ఇంటికి వెళ్లి ఎలా ఉందని అడిగినందుకు, ఆపరేషన్‌కు మనిషిని తీసుకొచ్చినప్పుడు ఇచ్చే ప్రోత్సాహకానికి తగ్గకుండా డబ్బివ్వాలి.